తండేల్‌గా పుట్టరు, మరి తయారవుతారా?

వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం దగ్గర వేట రెండు తీరులు. ఏటిలో ఒకరో ఇద్దరో చిన్న వల వేసుకుని, దొరికింది ఇంటికి తెచ్చుకుంటారు. సముద్రపొడ్డున పెద్దవల లాగాలంటే రెండు తాళ్లకూ జనం కావాలి. ఒక పక్క జోరు తగ్గితే వల వంకర తిరుగుతుంది, చేప జారిపోతుంది. ఇలాంటి పని మనిషికి ఓ నడవడి నేర్పుతుందా, లేక ఆ నడవడి ఉన్నవాడే అందులో నిలబడతాడా?

పాత్రే మనిషిని మార్చేస్తుందనడానికి పాఠ్యపుస్తకాలు చాలాకాలం చూపిన సాక్ష్యం 1971 ఆగస్టు నాటి స్టాన్‌ఫర్డ్ ప్రయోగం. మనస్తత్వవేత్త ఫిలిప్ జింబార్డో రోజుకు 15 డాలర్లిచ్చి, ఓ నకిలీ జైల్లో కొందరు యువకులను కాపలావాళ్లుగా, మరికొందరిని ఖైదీలుగా ఉంచారు. కాపలావాళ్ల కాఠిన్యం ముదరడంతో రెండు వారాల ప్రయోగాన్ని ఆరు రోజులకే ఆపాల్సి వచ్చింది. ఖాకీ దుస్తులు, లాఠీ, అద్దంలా మెరిసే కళ్లజోడు ఉంటే చాలు, మంచివాడూ క్రూరుడైపోతాడన్న మాట అక్కడి నుంచే పాకింది.

ఆ మాట అంత గట్టిగా నిలవదు. కఠినంగా ప్రవర్తించింది కాపలావాళ్లలో సుమారు మూడో వంతే. ఫ్రెంచ్ పరిశోధకుడు తిబో ల తెక్సియే పాత రికార్డులు, టేపులు తిరగేసి 2019లో రాసిన వ్యాసం ప్రకారం, కాపలావాళ్లకు ఎలా ఉండాలో ముందే సూచనలు అందాయి. మెతకగా ఉన్నవాణ్ని గట్టిపడమని ప్రయోగ బృందమే పురమాయించింది. అంటే పాత్ర ఒక్కటే పనిచేయలేదు, వెనకనుంచి ఎగదోసేవారూ ఉన్నారు. బ్రిటన్‌లో మనస్తత్వవేత్తలు అలెక్స్ హాస్లమ్, స్టీవ్ రైకర్ 2001లో ఇలాంటి జైలే కట్టి చూస్తే కథ అడ్డం తిరిగింది. కాపలావాళ్లు తమ పాత్రను సొంతం చేసుకోలేకపోయారు, ఖైదీలు ఒక్కటయ్యారు. నా దృష్టిలో రెండో ఫలితమే విలువైనది. పాత్ర ఇచ్చినంత మాత్రాన సరిపోదు, అది తనదని మనిషి ఒప్పుకోవాలి.

మళ్లీ వేటకొద్దాం. బ్రెజిల్‌లో ఆర్థికవేత్తలు గ్నీజీ, లైబ్‌బ్రాండ్ట్, లిస్ట్ కలిసి, బృందంగా సముద్ర వేటకెళ్లేవారినీ సరస్సులో ఒంటరిగా వేటాడేవారినీ పోల్చారు. సముద్రం వాళ్లు ఇతరులను ఎక్కువగా నమ్మారు, ఎక్కువగా సహకరించారు. వేట అనుభవంతో పాటు ఆ తేడా పెరిగింది కాబట్టి పని ప్రభావం ఉందని ఊహించడం సబబే. అయినా దీన్ని ఉన్నపళంగా మన తీరానికి అతికించలేం. ఇక్కడ జాలారి, వాడబలిజ కుటుంబాల్లో వేట పుట్టుకతోనే వస్తుంది. మనిషి తనకు నచ్చిన పనిని ఎంచుకున్నాడన్న అనుమానం తగ్గుతుంది గానీ, కుల కట్టుబాటు ఎంత, పని ఎంత అన్నది విడదీయడం మరింత కష్టమవుతుంది.

ఆ చిక్కు విప్పడానికి వలస పనికొస్తుందేమో. శ్రీకాకుళం తీరం నుంచి గుజరాత్‌లోని వేరావల్‌కు వెళ్లినవారు పనిచేసే బోట్లలో తండేల్ నాయకుడు, మిగతావాళ్లు కళాసీలు. నడి సముద్రంలో తండేల్ మాటకు ఎదురుండదు. ఊళ్లో అతను కళాసీకి మావయ్యో బావో కావచ్చు, అక్కడ వరుసే ముఖ్యం. 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కి 2020 జనవరిలో విడుదలైన మత్స్యకారులు, 2025లో వచ్చిన ‘తండేల్’ సినిమా వల్ల ఈ పేరు రాష్ట్రమంతా తెలిసింది. సినిమా తండేల్ వీరుడు. అసలు తండేల్ మనుషుల్ని కూడగట్టాలి, వల ఎక్కడ వేయాలో తేల్చాలి, బోటు యజమానికి జవాబు చెప్పాలి. బోటు మీద అతను చూపే దర్పంలో హోదా ఎంత, బాధ్యత బరువు ఎంత అన్నది దూరం నుంచి చూసి తేల్చలేం.

గుజరాత్ తీరంలో వానాకాలంలో వేట నిషేధం. ఆ రోజుల్లో ఊళ్లో ఉన్న తండేల్‌తో నమ్మకం, సహకారం కొలిచే ఆట ఒకటి ఆడించి, వేరావల్ బోటెక్కాక అదే మనిషితో మళ్లీ ఆడించాలి. రెండుచోట్లా ఒకే తీరుగా ఆడితే స్వభావం వైపు మొగ్గాలి. తేడా కనబడితే మాత్రం, దాన్ని పాత్ర ఖాతాలో వేసేముందు, ఊళ్లో అతనితో ఆడినవాళ్లెవరో, బోటులో ఆడినవాళ్లెవరో కూడా చూడాలి.