లెక్కకందని శిశువులు

న్యూఢిల్లీలో మాన్‌సింగ్ రోడ్డునందు భారత రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయము కలదు. దేశమున పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో ఎందరు ఏడాది నిండకయే గతించిరో తెలుపు అంకె ఆ కార్యాలయమునుండియే వెలువడుచుండును. 1971లో ఆ అంకె 129, 2020లో 28. తల్లి తిన్న తిండి, ఇంటిల్లిపాది త్రాగిన నీరు, మంత్రసాని చేతి శుభ్రత, ఊరికిని ఆసుపత్రికిని గల దూరము, ఇవన్నియు అందులో ఇమిడియున్నవి. కనుకనే జాతి తన బిడ్డల నెట్లు చూచుకొనుచున్నదో తెలిసికొనగోరువారు మొదట దానినే అడుగుదురు.

అయితే చనిపోయిన శిశువును లెక్కించుట బ్రతికియున్నవానిని లెక్కించుటవంటిది కాదు. 1946లో నివేదిక సమర్పించిన భోర్ సంఘము, 1937లో బ్రిటిష్ ఇండియా శిశుమరణములు వేయింటికి 162 అని చూపెను. ఆ అంకెకు మూలమైన నమోదులే లోపభూయిష్ఠములు. ఉత్తరదేశమున చౌకీదారు ఠాణాకు వచ్చినపుడు జననమరణములు చెప్పిపోవువాడు. మదరాసు రాజధానిలో 1899 నాటి చట్టము ననుసరించి గ్రామములలో పుస్తకము వ్రాయుచుండిరి. శిస్తు బాకీలో ఒక్క అణాయు జారనీయని గ్రామలెక్కలు పసికందులను మాత్రము సులువుగా జారవిడిచినవి!

దానికి కారణములు లేకపోలేదు. బాలసారె కాకమునుపే కన్నుమూసిన శిశువునకు పేరుండదు. అట్టివాని పుట్టుకను వ్రాయించువారు లేరు. పుట్టుకయే లేనపుడు చావు నెవరు వ్రాయింతురు? పైగా తొలికాన్పునకు పుట్టింటికేగుట మన ఆచారము. అత్తవారి ఊరి పుస్తకమునకు ఆ కాన్పు సంగతి తెలియదు. పుట్టినింటి ఊరివారు ఆమెను తమ ఊరిదానినిగా ఎంచరు.

ఈ చిక్కును విప్పుటకు ఒక మార్గము బెంగాలులోని సింగూరు ప్రాంతపు జననమరణముల పరిశీలననుండి వెలువడినది. దానిని 1949లో సి. చంద్రశేఖరన్, డబ్ల్యూ. ఎడ్వర్డ్స్ డెమింగ్ అను నిరువురు ప్రకటించిరి. (జపాను కర్మాగారములకు నాణ్యతాపాఠములు చెప్పి పేరుగాంచిన డెమింగే ఇతడు.) వారి యుక్తి ఇది. ఒక ఊరి పుస్తకములో 80 జననములున్నవనుకొందము. మరియొకడు స్వతంత్రముగా ఇల్లిల్లు తిరిగి 75 వ్రాసికొనెను. రెంట నున్నవి 60. అనగా మొదటివానికి మాత్రమే దొరికినవి 20, రెండవవానికి మాత్రమే దొరికినవి 15. ఇరువదిని పదునైదుచే గుణించి, అరువదిచే భాగించిన 5 వచ్చును. ఇరువురికిని దొరకని శిశువులు అయిదుగురు, మొత్తము నూరు.

ఎవ్వరును చూడనివారిని లెక్కించిన ఈ గణితమున ఒక షరతు కలదు: ఒకరి పొరపాటుతో రెండవవాని పొరపాటునకు సంబంధముండరాదు. ఊరిలో అట్లుండునా? ఊరిచివరి గుడిసె నొకడు విడిచిన, రెండవవాడును దానినే విడుచుట సంభవము. ఆ సంగతి ఎరిగియే వారు, ప్రజలను చిన్నచిన్న వర్గములుగా విభజించి లెక్కకట్టుడని సూచించిరి.

1964-65లో ప్రయోగముగా మొదలై, 1969-70 నాటికి దేశమంతట నెలకొన్న నమూనా నమోదు పద్ధతి ఈ రెండు జాబితాల ఆలోచనను స్వీకరించినది. ఊరిలోనే యుండు ఉపాధ్యాయుడో, మరియొకరో ఏడాది పొడుగున వ్రాయుచుండును. ఆరునెలలకొకసారి పర్యవేక్షకుడు వచ్చి, ఆ పుస్తకము చూడకయే తన జాబితా తాను వ్రాసికొనును. పుట్టినింట జరిగిన కాన్పును తల్లి నివాసమున్న ఊరి లెక్కలోనే చేర్తురు. విశేషమేమన, రెండు జాబితాలు కలియనిచోట సూత్రమును ఆశ్రయింపక, తిరిగి ఆ ఇంటి గడప కేగి విచారింతురు. గణితముకంటె కాలినడకను నమ్మిన ఈ నిర్ణయము మిక్కిలి వివేకవంతమైనది. 1971లో పల్లెలలో 138, పట్టణములలో 82 అని తేల్చి, పల్లెబిడ్డల దుఃస్థితిని దేశము కంటబెట్టినది ఈ పద్ధతియే.

మరణములు తగ్గినవి. కాని అదే రాజధానిలో, ఆరేండ్లలోపు వేయిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 1991లో 915 మంది యుండగా, 2001 జనగణనలో 868 మందియే కానవచ్చిరి. దేశమంతటికి అప్పుడది 927. భ్రూణలింగ పరీక్షను నిషేధించు చట్టము 1994లోనే వచ్చియుండెను. 2011 నాటికి ఢిల్లీ అంకె 871. పుట్టనీయబడని ఈ ఆడపిల్లలు ఊరి పుస్తకములోను లేరు, పర్యవేక్షకుని జాబితాలోను లేరు. వారి కొరకు వెనుకకు పోయి విచారింపదగిన గడప ఏదో ఏ పుస్తకమును చెప్పదు.