పాతరనుండి వ్రేలిముద్ర వఱకు

మా బిచ్కుందకు తూర్పున మంజీర పారుచున్నది. పడమటికి కొంతదూరము పోయినచో మహారాష్ట్రము, దక్షిణముగా మఱలినచో కన్నడసీమ. అంగడి దినమున మూడు భాషలును ఒక్కచోట వినబడును. ఇట్టి యెల్లసీమలో ధాన్యపు రాకపోకలకు చరిత్ర మెండు. అందు నాకు తోచిన విషయ మొక్కటి మనవి చేసెదను: కరవుకాలమున గింజ యెంత ముఖ్యమో, అది యెక్కడ నున్నదను వార్తయు నంత ముఖ్యము.

పూర్వము కలిగినవారు పాతరలలోను గుమ్ములలోను జొన్నలు నిలువ చేసెడివారు. ఊర లేని సరకును లంబాడీలు పెరికెయెడ్లపై తెచ్చెడివారు. 1791–92లో కారన్‌వాలిసు మైసూరుపై దండెత్తినప్పుడు ఆ సైన్యమునకు గింజలు చేర్చినదియు ఈ బిడారులే. నేడు మన తండాలలో సేద్యము చేయుచున్నవారి పూర్వులు వారే. ఏ యూర వానలు తప్పినవో, ఏ యూర ధర హెచ్చెనో వారు దారిపొడవున విచారించుకొనుచు నడచెడివారు. వార్తయు గింజయు ఒకే యెద్దుతో వచ్చెడివి. అయితే కరవు ముదిరిన యేట మేత లేక, నీరు లేక ఆ యెడ్లే పడిపోవును. కరవులో అధికమాస మనగా ఇదియే గదా!

1876–78 నాటి ధాతకరవు చెన్నపురి రాజధానిని, మైసూరును, బొంబాయిని, నైజాముసీమను మాడ్చినది. అప్పటికి దేశమున ఇనుపదారులు పడినవి, తంతియు వచ్చినది. అయినను లక్షలకొలది జనులు మడిసిరి. ఏల? తంతి వర్తకునికి ధర యెక్కడ హెచ్చెనో తెలిపెను గాని, ఆకలి యెక్కడ హెచ్చెనో తెలుపలేదు. జనులు కూలుచుండగనే రేవులనుండి గోధుమలు ఓడలెక్కి సీమకు పోయినవి. కొనలేనివాని ఆకలికి తంతిలో పద్దు లేదు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున నైజాము సర్కారు రైతులవద్ద లెవీధాన్యము వసూలు చేసెను. లెక్క పటేలు పట్వారీల చేతిలో నుండెను. దొరల కమతములు తప్పించుకొన, బరువు చిన్నరైతుపై బడెను. 1946లో చెలరేగిన తెలంగాణా రైతాంగ పోరాటమునకు ఈ లెవీ యొక హేతువు. లెక్క తప్పగుటకంటె, ఆ లెక్కను రైతు చూడలేకుండుటయే పెద్దకీడని నా తలంపు.

ఇప్పుడు రేషను దుకాణమున వ్రేలిముద్ర మిషను కలదు. బియ్యము తూచినంతనే ఆ పద్దు సెల్లు తరంగములపై సర్కారు కంప్యూటరునకు చేరును. డీలరువద్ద నెలాఖరున మిగిలిన దెంతయో అక్కడ కనబడును. వచ్చు నెల కోటా దానినిబట్టి నిర్ణయింతురు. లెక్క ఇట్లు ఒక్కచోట చేరుటచేతనే మఱియొక మేలును సాధ్యమైనది. ఒక యూరి కార్డుతో వేఱొక యూర బియ్యము తీసికొనవచ్చును. 2019 ఆగస్టు 9న తెలంగాణ, ఆంధ్రప్రదేశముల నడుమ ఇది ప్రయోగముగా మొదలైనది. 2020 జనవరి 1 నాటికి పన్నెండు రాష్ట్రములు చేరినవి. మహారాష్ట్రము, కర్ణాటకము అందున్నవి గనుక మా యెల్లసీమవారికి ఇది చిన్నమేలు కాదు.

మూడునెలలు తిరుగకమునుపే, మార్చి 25న, కరోనా నిర్బంధము దేశమంతట విధింపబడెను. హైదరాబాదునుండి కామారెడ్డి మీదుగా నాగపురమునకు పోవు రహదారిపై ఉత్తరాది కూలీలు బిడ్డల నెత్తుకొని నడిచిపోయిరి. కొందఱి రాష్ట్రములు అప్పటి కీ యేర్పాటులో చేరలేదు. కొందఱి కార్డులు స్వగ్రామమున నుండిపోయినవి. చేరిన రాష్ట్రములవారిలోను పలువురికి ఈ సదుపాయమున్న సంగతియే తెలియదు. గిడ్డంగులలో బియ్యము లేక కాదు సుమా!

మా వీధిలో ఒక ముదుసలి కలదు. నాట్లు వేసి, కలుపు తీసి ఆమె వ్రేళ్ల గీతలు అరిగిపోయినవి. మిషను ఆమెను గుర్తింపదాయెను. మూడుదినములు వరుసగా సంచి పట్టుకొని పోయి ఉత్త సంచితో వచ్చినది. నలువదియేండ్లుగా ఆమె నెఱిగిన డీలరు, "అవ్వా, నేనెరుగుదును, ఇది యెరుగదు" అని చేతులు నలుపుకొనెను. ధాతకరవునాటి తంతి నాకు జ్ఞప్తికి వచ్చినది. లెక్క యెంత నిక్కమైనను, అందులో పేరు పలుకనివానికి గింజ లేదు.

2021లో మన రాష్ట్రమున కనుపాపను చూచియు, సెల్లుఫోనునకు వచ్చు అంకెలను చెప్పియు బియ్యము పొందు వీలు కల్పించిరి. ఆధారునకు జతపఱచిన నంబరు హైదరాబాదున కూలిచేయు ఆమె మనుమనిది. నాలుగవనాడు నేనును వెంటపోయితిని. అంకెలు అతనికి చేరినవి. అతడు ఫోనులో చదివెను. నేను డీలరునకు చెప్పితిని. మీ యూళ్లలోని వృద్ధుల ఆధారునకు ఎవరి నంబరు జతపడియున్నదో, అది నేటికిని పనిచేయుచున్నదో లేదో, వచ్చు నెల బియ్యము రాకమునుపే విచారింపుడు.

బియ్యము దింపుకొనుచు ఆమె యింటిమూల నున్న గుమ్మి మూత తీసినది. అందు రెండు కుంచముల జొన్నలున్నవి. "మిషను పలుకని నాటికి" అన్నది.