సోవియట్ అనంతర రష్యాలో మనోరోగ చికిత్స

సోవియట్ యూనియన్ చివరి సంవత్సరాలలో మొదలై, 1991లో ఆ దేశం విచ్ఛిన్నమైన తరువాత రష్యాలో కొనసాగిన మనోరోగ వైద్య సంస్కరణలను, వాటి ఫలితాలను ఈ వ్యాసం వివరిస్తుంది. రాజకీయ వ్యవస్థతో పాటు చట్టాలు త్వరగానే మారాయి గాని, ఆసుపత్రుల స్థితిగతులు అంత త్వరగా మారలేదు.

నేపథ్యం

సోవియట్ కాలంలో ప్రభుత్వాన్ని విమర్శించినవారిని మానసిక రోగులుగా ప్రకటించి ఆసుపత్రులలో నిర్బంధించే పద్ధతి ఉండేది. మాస్కో వైద్యుడు ఆంద్రేయ్ స్నెజ్నెవ్‌స్కీ పేరుతో ముడిపడిన "మందగతి స్కిజోఫ్రీనియా" అనే రోగనిర్ధారణ ఇందుకు అనువుగా ఉండేది. పైకి స్పష్టమైన లక్షణాలేవీ కనిపించకపోయినా వ్యాధి ఉన్నదని చెప్పడానికి ఇది వీలు కల్పించింది. "సంస్కరణల భ్రాంతి" కూడా ఒక లక్షణమే!

మేజర్ జనరల్ ప్యోత్ర్ గ్రిగొరెంకోను 1964లోను, 1969లోను ఈ విధంగానే నిర్బంధించారు. ఆయనకు వ్యాధి లేదని, దొరికిన వివరాల ఆధారంగా నివేదిక రాసిన కీవ్ నగర యువ వైద్యుడు సెమ్యోన్ గ్లుజ్మన్‌కు 1972లో ఏడేళ్ళ శ్రమ శిబిరం, మూడేళ్ళ ప్రవాస శిక్ష విధించారు. 1979లో గ్రిగొరెంకోను పరీక్షించిన అమెరికా వైద్యులు కూడా ఆయనలో మానసిక వ్యాధి జాడ కనబడలేదని తేల్చారు.

ప్రపంచ మనోరోగ వైద్య సంఘం 1977లో హొనొలులు సభలో ఈ దుర్వినియోగాన్ని ఖండించింది. బహిష్కరణ తప్పదని తెలిసి సోవియట్ వైద్య సంఘం 1983లో తానే వైదొలగింది. దుర్వినియోగం జరిగిందని అంగీకరించిన మీదట, 1989లో ఏథెన్స్ సభలో దానిని షరతులతో తిరిగి చేర్చుకొన్నారు.

చట్ట సంస్కరణలు

1988లో 16 ప్రత్యేక మనోరోగ ఆసుపత్రులను ఆంతరంగిక వ్యవహారాల శాఖ నుండి ఆరోగ్య శాఖకు బదిలీ చేశారు. మనోరోగుల ప్రభుత్వ జాబితా నుండి సుమారు 20 లక్షల పేర్లు తొలగించారు. జాబితాలో పేరున్నవారికి కొన్ని ఉద్యోగాలు, డ్రైవింగ్ లైసెన్సు వంటివి దక్కేవి కావు.

1992 జూలైలో ఆమోదం పొంది, 1993 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం, ఇష్టం లేకుండా చేర్చిన వ్యక్తిని 48 గంటలలోగా వైద్యుల బృందం పరీక్షించాలి. నిర్బంధం అవసరమని వారు భావిస్తే 24 గంటలలో న్యాయస్థానానికి తెలపాలి. ఆపై న్యాయమూర్తి ఐదు రోజులలో నిర్ణయించాలి.

కాగితం మీద ఇది మంచి చట్టమే. అయితే ఆసుపత్రితో సంబంధం లేకుండా రోగుల హక్కులను కాపాడే విభాగాన్ని ఏర్పరచాలన్న 38వ అధికరణం దశాబ్దాల పాటు సరిగా అమలు కాలేదు. 2003లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ముందుకు వచ్చిన ఒక కేసులో, ఐదు రోజులలో వెలువడవలసిన నిర్ణయం నెల దాటిన తరువాత వెలువడింది. నిర్బంధంలోని రోగి తన విడుదల కోసం స్వయంగా కోర్టుకు వెళ్ళే మార్గం ఆ చట్టంలో లేదని కూడా న్యాయస్థానం తప్పు పట్టింది. 2022లో రష్యా ఈ న్యాయస్థానం పరిధి నుండి బయటకు వచ్చింది.

ఆసుపత్రులు, ఇంటర్నాట్లు

1990లలో నిధుల కొరత వలన మందులకు, భవనాల మరమ్మతులకు ఇబ్బంది ఏర్పడింది. దీర్ఘకాలిక రోగులు, మానసిక వైకల్యం గలవారు "ఇంటర్నాట్లు" అనబడే వసతి గృహాలలో ఏళ్ళ తరబడి ఉండిపోతారు. ఇవి ఆరోగ్య శాఖ కింద కాక సామాజిక సంక్షేమ శాఖ కింద ఉంటాయి. ఒకసారి చేరినవారు తిరిగి ఇంటికి వెళ్ళడం అరుదు.

2013 ఏప్రిల్ 26న మాస్కో ప్రాంతంలోని రామెన్‌స్కీ గ్రామంలో మనోరోగ ఆసుపత్రి తగలబడి 38 మంది మరణించారు. ఆ భవనం కిటికీలకు ఇనుప కడ్డీలు ఉన్నాయి. అదే ఏడాది సెప్టెంబరు 13న నొవ్‌గొరొద్ ప్రాంతంలోని లూకా గ్రామంలో పాత చెక్క భవనంలోని ఆసుపత్రి కాలిపోయి 37 మంది చనిపోయారు. వారిలో రోగులను బయటికి తెస్తున్న ఒక నర్సు కూడా ఉంది.