గుగ్గులు కథ



సాయంత్రం దీపం పెట్టి, నిప్పుల మీద చిటికెడు గుగ్గిలం వేసి ఇల్లంతా పొగ చూపించడం మన అమ్మమ్మలకు నిత్యకృత్యం. ఇవాళ నేను చెప్పబోయేది ఆ గుగ్గిలానికి పేరులో చుట్టమైన గుగ్గులు గురించి. పేరులో చుట్టం అని ఎందుకన్నానంటే, బజార్లో గుగ్గిలమని మనకిచ్చేది తరచు సాలవృక్షపు బంక. వైద్యగ్రంథాల్లోని గుగ్గులు వేరు. అది రాజస్థాన్, గుజరాత్‌లలోని ఎండు నేలల్లో పెరిగే ఒక ముళ్ళపొద నుంచి కారే బంక. మహిసాక్షి అని కూడా అంటారు. కాబట్టి ధూపానికి తెచ్చుకున్నది నూరి మందుగా మింగకండి!

ఈ సంగతి ఎత్తడానికి కారణం మా వీధిలో ఒకావిడ. వాళ్ళాయనకు రక్తంలో కొలెస్టరాల్ ఎక్కువైందని డాక్టరుగారు మాత్రలు రాశారు. ఆవిడ వాటిని సొరుగులో పడేసి గుగ్గులు బిళ్ళలు వేయడం మొదలుపెట్టింది. అదేమిటమ్మా అని అడిగితే, "అనాదిగా వస్తున్న మందు వదినగారూ, దానికి మళ్ళీ పరీక్షలెందుకూ?" అంది. నిజానికి మన దేశపు మందుల్లో గుగ్గులుకు జరిగినన్ని పరీక్షలు జరిగినవి తక్కువే. ఆ కథ ఆవిడకు చెప్పాను. మీకూ చెబుతాను.

సుశ్రుతసంహితలో సూత్రస్థానం పదిహేనో అధ్యాయంలో స్థూలకాయం ప్రస్తావన వుంది. కఫాన్ని పెంచే తిండి తిని, కదలకుండా కూర్చుని, పగటిపూట నిద్రపోయేవారికి ఒంట్లో కొవ్వు పేరుకుంటుందనీ, అది లోపలి దారులను మూసేస్తుందనీ, దానివల్ల కురుపులు, జ్వరాలు, వాతరోగాలు వచ్చి చివరికి ప్రాణానికే ముప్పనీ చెబుతాడు. పగటినిద్ర మాట వినగానే నాకు కాస్త సిగ్గేసింది లెండి. దానికి చెప్పిన చికిత్సలో గుగ్గులు వుంది, శిలాజిత్తు వుంది, త్రిఫల వుంది, తేనె వుంది. వాటితో పాటు యవలు, పెసలు, అరికలు తినమనీ, ఒంటికి పని చెప్పమనీ వుంది. గుగ్గులు ఒక్కటే మింగి గారెలు తినమని ఎక్కడా లేదు!

చాలామంది చదివిన ఈ భాగాన్ని 1960లలో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఒక మహిళ మరో దృష్టితో చదివారు. ఆవిడ డాక్టర్ జి. వి. సత్యవతి. "కొవ్వు దారులను మూసేస్తుంది" అన్న మాట ఆవిడకు ఆధునిక వైద్యులు చెప్పే రక్తనాళాల జబ్బులా తోచింది. రష్యాలో అనిచ్‌కోవ్ అనే శాస్త్రజ్ఞుడు కుందేళ్ళకు కొలెస్టరాల్ తినిపిస్తే వాటి రక్తనాళాల గోడలకు కొవ్వు పట్టడాన్ని 1913లోనే చూపించాడు. సత్యవతిగారూ కుందేళ్ళనే తీసుకున్నారు. కొవ్వు తినిపించిన కుందేళ్ళలో కొన్నిటికి గుగ్గులు ఇచ్చి, కొన్నిటికి ఇవ్వకుండా పోల్చి చూశారు. గుగ్గులు తిన్నవాటి రక్తంలో కొలెస్టరాల్ తగ్గింది, రక్తనాళాలకూ కొంత రక్షణ కనబడింది. 1966లో ఆవిడ సిద్ధాంత వ్యాసం సమర్పించారు. ద్వారకానాథ్, త్రిపాఠీలతో కలిసి రాసిన పరిశోధనాపత్రం 1969లో వచ్చింది. 1990లలో ఆవిడే భారత వైద్య పరిశోధనా మండలికి డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఆ పదవిలో కూర్చున్న మొదటి మహిళ ఆవిడే. పాత శ్లోకం మీద గౌరవం వుండబట్టే దాన్ని పరీక్షకు పెట్టారని నాకనిపిస్తుంది.

తరువాత లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థ ఈ పనిని అందుకుంది. పచ్చి బంక తింటే కొందరికి ఒంటి మీద దద్దుర్లు, విరేచనాలు, నెలసరి సక్రమంగా రాకపోవడం కనిపించేవి. మన వైద్యులకు ఇది తెలియనిది కాదు. గుగ్గులును త్రిఫల కషాయంలోనో పాలలోనో శుద్ధి చేసిగాని వాడరు. కొత్త గుగ్గులు ఒంటికి పుష్టినిస్తుందనీ, పాతబడినది కొవ్వును కరిగిస్తుందనీ కూడా చెబుతారు. లక్నోవారు బంకలోంచి పనికొచ్చే సారాన్ని వేరుచేసి గుగ్గులిపిడ్ అని పేరు పెట్టారు. 1980లలో అది మందుగా అమ్మకానికి వచ్చింది.

దాని మీద బొంబాయి, బెంగుళూరు, ఢిల్లీ, జైపూర్, లక్నో, నాగపూర్, వారణాసి నగరాల్లో జరిగిన పరీక్షల ఫలితాలు 1989లో ప్రచురించారు. మొదట 205 మందికి పన్నెండు వారాలు ఇచ్చి చూస్తే, నూటికి 70, 80 మందిలో కొలెస్టరాల్ సగటున 23.6 శాతం తగ్గింది. అయితే ఇందులో ఒక చిక్కుంది. ఏది మింగుతున్నదీ రోగికీ వైద్యుడికీ తెలిసినప్పుడు మనసు కూడా ఫలితంలో చెయ్యి పెడుతుంది. అందుకని ఇద్దరికీ తెలియకుండా, క్లోఫైబ్రేట్ అనే ఇంగ్లీషు మందుతో పోల్చారు. అలా చూసేసరికి గుగ్గులిపిడ్‌తో తగ్గినది 11 శాతం, క్లోఫైబ్రేట్‌తో 10 శాతం. 23 ఎక్కడ, 11 ఎక్కడ! అయినా ఇంగ్లీషు మందుకు తీసిపోలేదు కదా అని మనవాళ్ళు సంతోషించారు. ఆ క్లోఫైబ్రేట్ చరిత్రా గొప్పదేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున యూరప్‌లో జరిగిన పెద్ద పరీక్షలో అది వాడినవారిలోనే మరణాలు ఎక్కువగా వున్నాయని 1978లో బయటపడింది. ఇంగ్లీషు మందు గదా అని దాన్నీ ఎవరూ వెనకేసుకురాలేదు.

2002లో అమెరికాలో గుగ్గులు కాలేయంలోని ఒక గ్రాహకం మీద పనిచేస్తుందని ఎలుకల్లో చూపించారు. అందరూ మెచ్చుకున్నారు. ఆ మరుసటి యేడే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు 103 మంది మీద ఎనిమిది వారాలపాటు చేసిన పరీక్ష వెలువడింది. కొందరికి మామూలు మోతాదు, కొందరికి రెట్టింపు, కొందరికి మందులేని ఉత్త మాత్ర. ఉత్త మాత్ర మింగినవారిలో చెడ్డ కొలెస్టరాల్ 5 శాతం తగ్గింది. గుగ్గులు మింగినవారిలో 4, 5 శాతం పెరిగింది! కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు. 2009లో నార్వేలో 43 మంది మీద చూస్తే కొద్దిపాటి మార్పే కనిపించింది.

వాళ్ళ తిండి వేరు, మన తిండి వేరు అనేవారున్నారు. కావచ్చు. సుశ్రుతుడు తిండీ పనీ కలిపి చెప్పిన చికిత్సలోంచి ఒక్క బంకను విడదీసి బిళ్ళ చేస్తే అది ఆ చికిత్సే అవుతుందా అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. కానీ ఆ ప్రశ్నకు జవాబు కూడా మళ్ళీ లెక్కపెట్టి చూస్తేనే దొరుకుతుంది.

మా వీధి ఆవిడను నేను అడిగింది ఒక్కటే. బిళ్ళలు వేస్తున్న సంగతి డాక్టరుగారికి చెప్పారా అని. చెప్పలేదట. వాళ్ళాయన రక్తపోటుకు కూడా మందు వాడుతున్నారు. గుగ్గులిపిడ్‌తో కలిపి వేసుకుంటే ప్రొప్రనొలాల్, డిల్టియాజెమ్ అనే మందులు రక్తంలోకి తక్కువగా చేరతాయని మన దేశంలోనే 1994లో తేల్చారు. గుండెకూ రక్తపోటుకూ ఇచ్చే మందులవి. బయట మనిషి బాగానే కనిపిస్తాడు, లోపల మందు సరిగా పనిచేయకపోవచ్చు. ఈ మాట విన్నాక ఆవిడ సొరుగు తెరిచి మాత్రలూ బిళ్ళలూ అన్నీ సంచిలో వేసుకుని భర్తను వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళింది.

ఇక ఆ ముళ్ళపొద మాట. అది నెమ్మదిగా పెరుగుతుంది. త్వరగా, ఎక్కువగా బంక రావాలని కాండానికి లోతుగా గాట్లు పెడితే, బంక కారాక మొక్కే ఎండిపోతుంది. ఇప్పుడది అంతర్జాతీయ జాబితాలో అంతరించిపోయే ప్రమాదం అతి తీవ్రంగా వున్న మొక్కల్లో చేరింది. గుజరాత్, రాజస్థాన్‌లలో కొమ్మలు నాటి మళ్ళీ పెంచే ప్రయత్నాలు జరుగుతున్నాయి.