గట్టు కూడా సాక్ష్యమే

రామగిరి ఖిల్లా ఎక్కి చూస్తే కింద చెరువు కట్టలు, పొలం గట్లు, దూరంగా ఓపెన్‌కాస్ట్ మట్టిదిబ్బలు కనిపిస్తాయి. విమానం నుంచో ఉపగ్రహం నుంచో తీసిన ఫొటోలో ఇంకొంత ఎక్కువ తెలుస్తుంది. ఎప్పుడో సాగు ఆగి అరిగిపోయిన గట్టు కూడా ఏటవాలు ఎండలో సన్నని నీడ వేస్తుంది. తడి నిలిచే చోట గడ్డి ఎక్కువ రోజులు పచ్చగా ఉంటుంది. 1920లలో ఇంగ్లండులో క్రాఫర్డ్ అనే పరిశోధకుడు ఇలాంటి గీతలను బట్టే పురాతన పొలాలను గుర్తించాడు.

పోడు చేసుకుని బతికే మనకు ఇది ఒట్టి పాత ముచ్చట కాదు. 2006 అటవీ హక్కుల చట్టం నియమాల్లో 13వది చదును చేసిన నేలను, గట్లను, చెక్‌డ్యాములను సాక్ష్యాలుగా చెప్పింది. ఉపగ్రహ చిత్రాలనూ, రాసిపెట్టిన పెద్దల వాంగ్మూలాన్నీ అందులో చేర్చింది. ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడే గానీ బదులు కాదని 2012 సవరణ తేల్చింది. ఇది గుర్తుంచుకోవాలి. చెట్ల కింది గట్టు పైనుంచి కనబడదు. పోడులో చాలాచోట్ల గట్టే ఉండదు.

ఓపెన్‌కాస్ట్ తవ్విన చోట గట్టూ ఉండదు, దాని పేరూ మిగలదు. అందుకే ఉపాధ్యాయులు, యువకులు ఫొటో చేతపట్టుకుని పెద్దల వెంట నడవాలి. ఏ గట్టు ఎవరు వేశారో, ఏ చెలకను ఏమని పిలిచేవారో ఇప్పుడే రాసుకోవాలి.