మురుగుకి తోడు పెట్టినవాళ్లు

మాంచెస్టర్ అంటే మనకి ఫుట్‌బాలే గుర్తొస్తుంది కదా. వందేళ్ల కిందట అక్కడి ఇర్వెల్ నది మిల్లుల రంగులతో, ఊరి మురుగుతో పారేది. డేవీహల్మ్ మురుగుశుద్ధి ప్లాంటులో ఆర్డెర్న్, లాకెట్ అనే కెమిస్టులు సీసాల్లో మురుగునీళ్లు పోసి గాలి ఊదారు. శుభ్రమవడానికి దాదాపు ఐదు వారాలు! అన్నాళ్లు ఏ ఊరు ఆగుతుంది?

అప్పుడు తేటనీళ్లు వంపేసి, అడుగు బురదని అలాగే ఉంచి, దానిమీదే కొత్త మురుగు పోశారు. మళ్లీ మళ్లీ అదే పని. చివరికి 24 గంటల్లోపే అయిపోయింది. ఆ బురద నిండా మురుగుని తినే బ్యాక్టీరియా మరి. అమ్మ పెరుగుకి తోడు దాచినట్టే! (నా నాలుగేళ్ల బీటెక్‌లో ఇలా ఎవరూ చెప్పలేదు.)

1914లో ఈ పద్ధతిని బయటపెట్టారు, పేరు యాక్టివేటెడ్ స్లడ్జ్. వాళ్లకి దారి చూపిన గిల్బర్ట్ ఫౌలర్ తర్వాత మన బెంగళూరు ఐఐఎస్‌సీకి ప్రొఫెసర్‌గా వచ్చాడు. ఆ కథ నెక్స్ట్ ఎపిసోడ్‌లో.