యారాడ బండలు, స్పంజికలు: తీర జీవశాస్త్ర చరిత్రపై ఒక పరిశీలన

విశాఖపట్టణం రేవు ముఖద్వారానికి దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి చొచ్చుకొని ఉంటుంది. ఆ కొండకు ఆవలివైపు ఉన్న తీరగ్రామం యారాడ. కొండపాదాన ఖోండలైటు బండలు, వాటిని ఆనుకొని ఇసుకతీరం. స్పంజికలకు కావలసినవి అంటిపెట్టుకొనేందుకు గట్టి ఆధారం, కదిలే నీరు, చాలా జాతులకు ఎండ పడని నీడ. ఇటువంటి బండల అడుగుభాగాలు వాటికి అనువైన చోట్లు. అయినా బంగాళాఖాత స్పంజికల శాస్త్రచరిత్ర ఇటువంటి బండలవద్ద మొదలు కాలేదు. అది ఎక్కడ మొదలై ఏ దారిలో ఈ తీరాన్ని సమీపించిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. జిజ్ఞాసకంటె ప్రయోజనమే ఆ దారిని ఎక్కువగా నిర్ణయించిందని నా అభిప్రాయం.

స్పంజిక జంతువా, మొక్కా అన్న సందేహం పందొమ్మిదో శతాబ్ది వరకు తీరలేదు. 1825 ప్రాంతంలో రాబర్ట్ గ్రాంట్ బతికి ఉన్న స్పంజికలను నీటిలో ఉంచి, సూక్ష్మరంధ్రాల గుండా నీరు లోపలికి పోయి పెద్ద రంధ్రాల నుండి ధారగా వెలువడటం చూశాడు. లోపలి గదుల్లోని కాలర్ కణాలు తమ కశాభాలను ఆడించి ఈ ప్రవాహాన్ని పుట్టిస్తాయి. నీటిలోని బాక్టీరియా వంటి సూక్ష్మకణాలను పట్టి ఆహారంగా తీసుకొంటాయి. ఈ కణాలకు, కొయనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణజీవులకు ఉన్న పోలికను 1866లో హెన్రీ జేమ్స్-క్లార్క్ గుర్తించాడు. జంతుపరిణామ చర్చలో స్పంజికలకు దక్కిన స్థానానికి మూలం ఆ పోలికే. 1907లో హెచ్.వి. విల్సన్ స్పంజికను సన్నని గుడ్డలో పిండి కణాలుగా విడదీస్తే, అవి తిరిగి కూడి స్పంజికగా ఏర్పడ్డాయి. నాడులు, కండరాలు లేని ఈ దేహం జంతువృక్షంలో తొలి కొమ్మ అన్న భావన చాలాకాలం నిలిచింది. 2023లో క్రోమోజోముల అమరికను పోల్చిన ఒక అధ్యయనం ఆ స్థానం కోంబ్ జెల్లీలదని వాదించింది. చర్చ ముగియలేదు.

మన తీరానికి వస్తే, తొలి పత్రాలలో ముఖ్యమైనది ఆర్థర్ డెండీ 1887లో మద్రాసు స్పంజికలపై ప్రచురించినది. నమూనాలు పంపినవాడు మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్. దక్షిణభారత కులాలు, తెగలపై రాసిన సంపుటాల ద్వారా తెలుగు పాఠకులు ఎరిగిన థర్‌స్టన్ ఇతడే. మన్నారు సింధుశాఖలోని ముత్యపుచిప్పల గురించి కూడా అతడు రాశాడు. ముత్యాల ప్రస్తావన ఇక్కడ యాదృచ్ఛికం కాదు. సింహళంలో ముత్యాల పరిశ్రమ క్షీణించిన కారణాలు వెదకడానికి 1902లో వలస ప్రభుత్వం హెర్డ్‌మన్‌ను పంపింది. అతడు తెచ్చిన స్పంజికలపై డెండీ 1905లో పెద్ద నివేదిక వెలువరించాడు. ఆల్చిప్పలను తొలిచి బలహీనపరచే స్పంజికలు కొన్ని ఉన్నాయి. నెల్సన్ అనండేల్ 1915లో భారతదేశపు తొలిచే స్పంజికలపై ప్రత్యేకంగా రాశాడు. చిప్పకు విలువ ఉంది కనుక, దానిని తొలిచే జీవికి చరిత్ర దక్కింది.

రెండో దారి లోతు సముద్రానిది. తీరపటాల తయారీకై తిరిగిన సర్వే నౌక 'ఇన్వెస్టిగేటర్' లోతుల నుండి గాజు స్పంజికలను పైకి తీసింది. బెర్లినులోని ఎఫ్.ఇ. షుల్జె వాటిని వర్ణించగా, ఆ గ్రంథం 1902లో కలకత్తాలో వెలువడింది. పటాలు గీయడానికి వెళ్ళిన ఓడకు లోతుజీవులు దొరికాయి. ఒడ్డున నడిచి చూడదగిన బండలు వేచి ఉన్నాయి. 1932లో బర్టన్, హెచ్. శ్రీనివాసరావు కలిసి భారతీయ మ్యూజియంలోని తక్కువలోతు స్పంజికలను వర్ణించారు. ఈ ఆలస్యంలో పద్ధతికి కూడా పాత్ర ఉంది. స్పంజిక రంగు మద్యసారంలో పోతుంది, ఆకారం చోటునుబట్టి మారుతుంది. జాతిని తేల్చాలంటే కణజాలాన్ని కరిగించి, మిగిలిన కంటకాలను సూక్ష్మదర్శినిలో కొలవాలి. అటువంటి పనికి ఓపిక ఉన్నవారు ఏ కాలంలోనూ కొద్దిమందే.

విశాఖకు ఈ విద్య వచ్చినది రేవు మూలంగానే. 1933లో రేవు ప్రారంభమైంది. అంతకుముందు డాల్ఫిన్స్ నోస్ దిగువన జానస్, వెలెడ్‌సన్ అనే రెండు పాత ఓడలను రాళ్ళతో నింపి ముంచి అలలకు అడ్డుకట్ట కట్టారు. జీవశాస్త్ర దృష్టితో చూస్తే అది ఇంజనీర్లు ఉద్దేశించకుండానే సముద్రజీవులకు ఇచ్చిన కొత్త ఆధారం. ఓడల అడుగులకు, కర్రలకు అంటే జీవులు రేవుకు నష్టం తెస్తాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పి.ఎన్. గణపతి, ఎం.వి. లక్ష్మణరావు, ఆర్. నాగభూషణం 1958లో ప్రచురించిన విశాఖ రేవు అధ్యయనం ఈ సమస్యనుంచే పుట్టింది.

అంతకు ముందు 1952లో వచ్చిన యూజిన్ లాఫాండ్ నాయకత్వాన సాగిన సముద్రశాస్త్ర పరిశీలనలు ఈ తీరజలాల స్వభావాన్ని తెలిపాయి: వర్షాకాలానంతరం నదుల మంచినీరు కలిసి ఉప్పదనం బాగా పడిపోతుంది, వేసవికి మళ్ళీ పెరుగుతుంది. రేవు లోపలికి మేఘాద్రిగెడ్డ నీరు కూడా చేరుతుంది. ఒంట్లోని లవణాలను సరిచూసే అవయవం లేని స్పంజికకు ఇది కఠిన పరీక్ష. కనుక రేవు లోపలి జీవుల జాబితాను బట్టి యారాడ బయటి బండలను అంచనా వేయడం తగదు.

తరువాత మందుల పరిశోధన వచ్చింది. 1950 ప్రాంతంలో బెర్గ్‌మన్, ఫీనీ కరీబియన్ స్పంజికలో కనుగొన్న న్యూక్లియోసైడ్లే రక్తక్యాన్సరు ఔషధం సైటరాబిన్‌కు దారి చూపాయి. స్పంజికలలోని రసాయనాలు వాటి రక్షణసాధనాలు. పారిపోలేని జీవికి విషమే ఆయుధం. అక్కడ కూడా విలువ ఉన్న పదార్థమే ముందు చూపబడింది, జీవి తరువాత.

రేవు, ఉక్కు కర్మాగారం, గంగవరం ఓడరేవు ఈ తీరాన్ని మార్చకముందు యారాడ బండలపై ఏమేమి ఉండేవో తెలుసుకోవడానికి గ్రంథాలే మార్గం కానక్కరలేదు. స్పంజిక చనిపోయినా దాని సిలికా కంటకాలు బురదలో మిగులుతాయి. తొలిచే స్పంజికలు చిప్పలలో చేసిన గూళ్ళు శిలాజాలలో సైతం నిలుస్తాయి. లాఫాండ్ కాలంలో గుర్తించిన ఆంధ్ర, మహాదేవన్ సముద్రాంతర లోయలు తీరానికి దూరంగా లేవు. వాటి బురదను గొట్టాలతో పొరలుగా తీసి, కంటకాలను వేరుచేసి, ఒక్కొక్క పొర కాలాన్ని నిర్ణయించగలిగితే, 1933కు ముందరి పొరలను తరువాతి వాటితో పోల్చవచ్చు. తీరంలోని పాత చిప్పల గుట్టలను కూడా ఇదే ప్రశ్నతో చూడవచ్చు.